మూడో వరుసలో ఆకుపచ్చ కారు

ఓడ కారిగ్ నుంచి వచ్చి స్కార్వే దీవి రేవులో ఆగింది పన్నెండూ అయిదుకి. ముందు తలుపు కిందికి దిగింది పన్నెండూ ఏడుకి. నడిచి దిగేవాళ్ళంతా పక్క మెట్ల మీదుగా అప్పటికే గట్టెక్కేశారు. పన్నెండూ పదికల్లా మొదటి రెండు వరుసల కార్లు కూడా బయటపడ్డాయి. మూడో వరుస మాత్రం అంగుళం కదల్లేదు. ఆ వరుసలో అందరికంటే ముందున్న ఆకుపచ్చ కారులో మనిషి లేడు.

వెనకున్న పధ్నాలుగు కార్లూ హారన్లు మొదలెట్టాయి. అందులో అయిదోది నాది. వారం రోజులు సెలవు పెట్టి, మా అమ్మ చేతి వంట తిని పడుకోవాలని బయల్దేరినదాన్ని. కానీ పంతొమ్మిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేశాక కాళ్ళు ఊరుకోవు. కారు దిగి ముందుకి నడిచాను.

నాకంటే ముందే అక్కడొకాయన నిలబడి, కిటికీలోంచి లోపలికి తొంగి చూస్తున్నాడు. ఎర్ర స్వెట్టరు, గోల్ఫ్ బూట్లు, దువ్విన జుట్టు. ఇన్‌స్పెక్టర్ కోలిన్ రాట్రే. నా పై అధికారి. ఆయన కారు మొదటి వరుసలో మొట్టమొదటిది. గట్టు మీద ఆపి, ఏదో జరిగిందని వాసన పట్టి, వెనక్కి వచ్చేశాడు.

ఇక్కడే చెప్పేస్తాను, దాచుకుని ఏం చేసుకుంటాను. రాట్రే అంటే నాకు కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు. ఆరేళ్ళ కిందట ఇన్‌స్పెక్టర్ పదవికి మేమిద్దరమే పోటీ. నా సర్వీసు ఆయన సర్వీసుకి దాదాపు రెట్టింపు. చేపల గోదాములో హత్య చేసినవాణ్ణి పట్టుకున్నది నేను. పేపర్లో ఫొటో పడింది ఆయనది, పదవి వచ్చింది ఆయనకి. నేను ఇంకా సార్జెంట్ ఇష్‌బెల్ గాల్‌బ్రెయిత్‌నే. ఆయన గది తలుపు మీద పేరు చూసినప్పుడల్లా మొహం తిప్పుకుంటాను. చివరికి సెలవుల్లో కూడా ఆయన కారు మొదటి వరుసలో, నాది మూడో వరుసలో.

"సెలవులో ఉన్నట్టున్నావు, ఇష్‌బెల్?" అన్నాడు తల తిప్పకుండానే.

"మీరూ ఉన్నట్టున్నారు సార్."

"ఉన్నాను. ఇప్పుడు లేను."

అరగంటలో విషయం తేలింది. కారు ఏడ్రియన్ పెల్ అనే అతనిది. ఆరేళ్ళుగా ప్రతి ఎండాకాలం స్కార్వేకి వచ్చి, మా ఊరి చివర ఒక ఇల్లు అద్దెకి తీసుకుని మూడు వారాలు ఉండేవాడు. ఈసారి భార్యతో వచ్చాడు. మైకులో మూడుసార్లు పేరు పిలిచారు. మరుగుదొడ్ల నుంచి ఇంజన్ గది దాకా వెతికారు. పెల్ ఎక్కడా లేడు. కెప్టెన్ గిల్లీస్ తీరరక్షణ దళానికి కబురు చేశాడు. ప్రాణరక్షక పడవ ఒకటి మేం వచ్చిన దారినే వెనక్కి వెతుక్కుంటూ పోతోంది.

పన్నెండూ ముప్ఫయి ఆరుకి, కార్ల డెక్ తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతున్న ఒక వానకోటు జేబులో, పెల్ సెల్‌ఫోను దొరికింది. దొరకబుచ్చుకున్నది రాట్రే. ఆ కోటు మర్డో మెక్‌స్వీన్‌ది.

మర్డో ఆ కార్ల డెక్‌కి పెద్ద. ఇరవయ్యారేళ్ళుగా ఆ ఓడలో ప్రతి కారూ అతను చెయ్యి ఊపితేనే ఎక్కుతుంది, దిగుతుంది. మా అక్క పెగీ మొగుడు. నాకు బావ. వాళ్ళిద్దరూ మా అమ్మతోనే ఉంటారు.

"ఒకటీ నలభైకి ఇదే ఓడ తిరిగి వెళ్తుంది. అందులోనే అతన్ని తీసుకెళ్తున్నాను," అన్నాడు రాట్రే. "చూడు. ఓడ కదిలాక కార్ల డెక్ మీదికి ప్రయాణికులెవరూ పోకూడదు, తలుపు తాళం వేస్తారు. లోపలికి పోగలిగేవాడు మర్డో ఒక్కడే. రెండుసార్లు వెళ్ళాడు. పది యాభైకి వెళ్ళి ఎనిమిది నిమిషాల్లో వచ్చాడు. పదకొండున్నరకి వెళ్ళి ఇరవై రెండు నిమిషాలున్నాడు. తలుపు తెరిచినప్పుడల్లా కెప్టెన్ గదిలో దీపం వెలుగుతుంది, టైము రాస్తారు. డెక్ వెనక భాగం ఎలాగూ సముద్రం మీదికి తెరిచే ఉంటుంది. పెల్ కారు దిగకుండా లోపలే ఉండిపోయాడు. మర్డో చూశాడు. పోయిన ఎండాకాలంలో ఏమని బెదిరించాడో అదే చేశాడు."

పోయిన ఎండాకాలంలో ఏమన్నాడో నాకూ తెలుసు. ఊళ్ళో హోటల్ బార్లో మర్డో పెల్ గల్లా పట్టుకుని, 'మళ్ళీ మా గుమ్మం దగ్గర కనిపించావో, సముద్రంలో తోసేస్తా' అన్నాడు. విన్నవాళ్ళు పద్దెనిమిది మంది. అందులో నేనొకదాన్ని. పెల్ అద్దె ఇల్లు తుడిచి, శుభ్రం చేసేది మా అక్క. దాని గురించి ఊరు గుసగుసలాడింది. అది అక్కడితో ముగిసిపోయిందని అక్క నాతో చెప్పింది. నేను నమ్మాను.

"నేను కూడా నాలుగు ప్రశ్నలు అడుగుతాను సార్."

"నీ బావ కేసు. నువ్వు వేలు పెట్టకూడదు."

"నేను సెలవులో ఉన్నాను. పొరుగుమనిషిలా పలకరిస్తాను. అందుకు మీ అనుమతి అక్కర్లేదు."

రాట్రే నవ్వాడు. ఆ నవ్వంటే నాకు ఒళ్ళు మంట. "గంట టైముంది. పలకరించుకో. నాది తప్పని తేలితే నలుగురి ముందూ ఒప్పుకుంటాను. ఆ అవసరం రాదులే."

రోజలిండ్ పెల్ ఓడ క్యాంటీన్లో కిటికీ పక్కన కూచుంది. ముందు చల్లారిన టీ. ఏడవలేదు. ఏడవనందుకు ఆమెని అనుమానించాలా వద్దా అని ఆలోచిస్తూ ఎదురుగా కూచున్నాను.

"మీవారిని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"ఏడున్నరకి. కారిగ్ ఊళ్ళో హోటల్ గదిలో. 'కారు వరుసలో పెట్టి వస్తా' అని వెళ్ళాడు. తొమ్మిదీ ఇరవైకి ఫోన్లో మెసేజ్ పెట్టాడు. 'వరుసలో ఉన్నాను, నువ్వు నడిచి ఎక్కు, క్యాంటీన్లో కలుద్దాం' అని. నేను నడిచి ఎక్కాను. అతను రాలేదు."

"రెండు గంటలు రాకపోతే వెతకలేదా?"

"వెతకలేదు. రాత్రి మాటా మాటా అనుకున్నాం. అలిగి ఎక్కడో కూచున్నాడనుకున్నాను. నిజం చెప్పాలా? నాకు హాయిగా ఉంది. వేడి రొట్టె, పంది మాంసం ఒక్కదాన్నే తిన్నాను."

"దేని గురించి అనుకున్నారు మాటలు?"

ఆమె కప్పు పక్కకి తోసింది. "ఆరేళ్ళుగా ఒక్కడే వస్తున్నాడు, పక్షుల్ని చూడ్డానికట. ఏ పక్షో నేనూ చూద్దామని ఈసారి వెంటబడి వచ్చాను. పేరు తెలీదు. పెట్టెలో ఒకసారి ఆడవాళ్ళ పిన్ను దొరికింది, ఒకసారి ఉన్ని చేతితొడుగు. ఒక్కటే. రెండోది ఆమె దగ్గరుందన్నమాట! ఆ ఒంటి తొడుగుని మూడేళ్ళు దాచాడు, తెలుసా మీకు? నేనిచ్చినవి మూడు నెలలు కూడా దాచడు."

ఆమె గొంతులో దుఃఖం కంటే మంట ఎక్కువుంది. ఆ మంట నాకు బాగా తెలిసినదే. మరొకరికి దక్కినదాన్ని తల్చుకుని తల్చుకుని మనిషి ఎలా ఎండిపోతుందో ఆమె ముఖంలో కనపడుతోంది. మూడేళ్ళ కిందట అక్క ఒక తొడుగు పోగొట్టుకుంది; అది అల్లింది మా అమ్మ అని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను.

"హోటల్ నుంచి రేవుకి కారులో ఎంతసేపు పడుతుంది?"

"అయిదు నిమిషాలు."

అయిదు నిమిషాల దారికి గంటా యాభై నిమిషాలు. నా చిన్న పుస్తకంలో ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి, కింద గీత గీశాను.

మర్డోని నావికులు భోంచేసే గదిలో కూచోబెట్టారు. పెద్ద చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని, వాటినే చూసుకుంటున్నాడు.

"బావా, ఆ ఆకుపచ్చ కారు నడిపి ఓడ ఎక్కించింది ఎవరు?"

"పెల్."

"మొహం చూశావా?"

"టోపీ చూశా. కోటు చూశా. పెల్."

"రేవు కెమెరాలోనూ అవే కనపడుతున్నాయి, టోపీ, కోటు. అవి ఎవరైనా తగిలించుకోవచ్చు."

"పెల్ అని చెప్తున్నాగా! ఎన్నిసార్లు అడుగుతావే?"

"నువ్వలా చెప్తున్న కొద్దీ నీ మెడకే చుట్టుకుంటోంది. పెల్ ఓడ ఎక్కాడని చెప్పే మనిషివి నువ్వొక్కడివే. 'సరిగా చూళ్ళేదు' అంటే చాలు, కేసు సగం ఊడిపోతుంది. అర్థమవుతోందా?"

"అబద్ధం చెప్పను."

"సరే. ఆ ఫోను?"

"డెక్ మీద పడుంటే తీశా. ఇచ్చేద్దామనుకున్నా."

"ఇరవై రెండు నిమిషాలు ఏం చేశావు?"

"కార్ల గొలుసులు బిగించా."

"సముద్రం గిన్నెలో పాలలా ఉంది బావా. ఇవాళ గొలుసులేంటి?"

మర్డో మళ్ళీ చేతులకేసి చూసుకున్నాడు.

"అక్కకి ఫోన్ చేసి చెప్తాను."

మర్డో లేచి నా మణికట్టు పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ నన్నలా పట్టుకోలేదు. "పెగీకి చెప్పొద్దు. ఇంటికి ఫోన్ చెయ్యొద్దు. అది పొద్దుటి నుంచీ ఇంట్లోనే ఉంది, దానికేం తెలీదు. ఒట్టెయ్యి."

"పరువు కోసమా ఇదంతా?"

"ఏదో ఒకటి అనుకో. ఒట్టెయ్యి."

వేశాను. మగవాడి రోషం అనుకున్నాను. పెళ్ళాం మీద ఊరు నోరు పారేసుకున్నప్పుడు కూడా ఇలాగే బిగుసుకుపోయాడు.

ఆకుపచ్చ కారుని దారికి అడ్డం లేకుండా తీసి, డెక్ మూలకి పెట్టారు. రాట్రే నా వెనకే వచ్చి, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నేను చేతితొడుగులు వేసుకుని తలుపు తెరిచాను. వెనక సీట్లో రెండు పెట్టెలు, బైనాక్యులర్స్, వాన బూట్లు. ముందు సీట్లు రెండూ ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టున్నాయి. వెంట్రుక లేదు, దుమ్ము లేదు. వెనక చాపల మీద ఇసుక ఇసుకలాగే ఉంది.

డ్రైవరు సీటు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. సీటు బాగా ముందుకి జరిగి ఉంది.

"సార్, పెల్ పొడుగెంత?"

"ఆరడుగుల రెండంగుళాలు."

"ఈ సీట్లో ఆరడుగుల మనిషి కూచుంటే మోకాళ్ళు చెవులకి తగుల్తాయి. నడిపింది పెల్ కాదు. పొట్టి మనిషి."

రాట్రే ఆవలించాడు. నిజంగానే ఆవలించాడు. "ఈ కారు అడ్డంగా ఉంటే వరుస కదలదుగా. పక్కకి ఎవరు తీశారంటావు? డెక్ మీద పనివాళ్ళు. వాళ్ళకి పెద్ద ఎవరు? మర్డో. మర్డో అయిదున్నర అడుగులు. తన కాళ్ళకి సరిపడా సీటు జరుపుకున్నాడు. ఇంకేమన్నా ఉందా సార్జెంట్ గారూ?"

చెవులు వేడెక్కాయి. చూస్తున్న ఇద్దరు నావికులు చూపులు పక్కకి తిప్పుకున్నారు. నా తొందరకి నన్నే తిట్టుకున్నాను. ఈ మనిషి ముందు నేనెప్పుడూ ఒక అడుగు వేగంగా నడిచి, ఒక అడుగు తక్కువ చూస్తాను. అది కూడా ఆయన తప్పే అనిపిస్తుంది నాకు.

టైము ఒంటిగంట.

షోనాగ్ పిన్ని ఓడ ముఖద్వారం దగ్గర తాడు చుడుతోంది. అరవై ఏళ్ళ మనిషి, తాటిచెట్టంత పొడుగు. మర్డో కింద పదిహేనేళ్ళుగా కార్లకి దారి చూపించే పని. మా అమ్మ స్నేహితురాలు.

"పిన్నీ, ఆకుపచ్చ కారుని మూడో వరుసలోకి పంపింది నువ్వేనా?"

"నేనే. మీ ఇన్‌స్పెక్టరు బాబుకి చెప్పా. 'కారు ఎక్కడం చూశావా' అన్నాడు, 'చూశా' అన్నా. 'థాంక్స్' అని పోయాడు. నీళ్ళలో దూకినంత తొందర."

"నడిపినవాడి మొహం చూశావా?"

"అద్దం నిండా ఆవిరి. టోపీ కళ్ళదాకా లాక్కున్నాడు. కానీ ఒక్కటి చెప్తా విను, నాకు భలే ముచ్చటేసింది. ఆరేళ్ళుగా వస్తున్నాడా, ఒక్కనాడైనా మనిషిలా పలకరించాడా? చెయ్యంతా పైకెత్తి ఊపుతాడు, కిటికీ తుడుస్తున్నట్టు. ఇవాళ చక్కగా వేలెత్తాడు. స్టీరింగ్ మీంచి చెయ్యి తియ్యకుండా, చూపుడువేలు ఒక్కటే. అబ్బో, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందే అనుకున్నా."

రాస్తున్న చిన్న పుస్తకం మూసేశాను.

స్కార్వేలో రోడ్డంటే ఒక కారు పట్టే రోడ్డు. ఎదురొచ్చినవాడు పగవాడైనా సరే, స్టీరింగ్ మీద చూపుడువేలు లేస్తుంది. లేపాలని అనుకుని లేపేది కాదు. మా నాన్న అంత్యక్రియలకి కారు నడుపుతూ కూడా నేను దారిపొడుగునా వేలెత్తాను. బయటివాళ్ళకి ఎన్ని సెలవులు గడిపినా అది పట్టుబడదు. కొందరు చెయ్యంతా ఊపుతారు, కొందరు ఏమీ చెయ్యరు. మాకు మాత్రం మానడం పట్టుబడదు. టోపీ పెట్టుకుని, కోటు తొడుక్కుని, ముఖం దాచుకున్న మనిషి కూడా తెలిసినవాళ్ళు ఎదురవగానే వేలు దాచుకోలేకపోయింది.

"పిన్నీ, ఇంకొక్కటి. కారుని మూలకి తీసింది మర్డో బావేనా?"

"మర్డో ఎక్కడ తీశాడు? మెట్ల దగ్గర రాయిలా నిలబడ్డాడు. నేనే తీశా. ఆ సీటు జరపడం రాక మోకాళ్ళు గడ్డానికి గుద్దుకున్నాయి, చచ్చీచెడీ తోలా."

పరుగెత్తాను. ఈ వయసులో, ఈ బరువుతో, నిజంగా పరుగెత్తాను. రాట్రే కెప్టెన్‌తో మాట్లాడుతున్నాడు. "సార్, గట్టు మీదికి రండి. అయిదు నిమిషాలు."

"దేనికి?"

"నలుగురి ముందూ ఒప్పుకుంటానన్నారుగా. అందుకు."

తిరుగు ప్రయాణం కార్లు అప్పుడే రేవులోకి వస్తున్నాయి. రాట్రేని రోడ్డు పక్కన నిలబెట్టాను. కెప్టెన్ గిల్లీస్ కూడా వచ్చాడు. దూరం నుంచి వస్తున్న ప్రతి కారుకీ ముందే చెప్పాను. "ఇది ఊళ్ళో పశువుల డాక్టరుది." వేలు లేచింది. "ఇది అద్దె కారు, సెలవులకొచ్చినవాళ్ళు." ఏమీ లేవలేదు. "ఇది పోస్టు బండి." వేలు. "ఇది మంచం, పొయ్యి ఉన్న బండి, జర్మన్లు." నాలుగు చేతులు గాలిలో ఊగాయి. పదిహేడు బండ్లు వచ్చాయి. పదిహేడూ సరిపోయాయి. పదో బండి దాటాక రాట్రే జేబుల్లోంచి చేతులు తీశాడు.

షోనాగ్ చెప్పింది చెప్పాను. సీటు సంగతి చెప్పాను. ఏడున్నరకీ తొమ్మిదీ ఇరవైకీ మధ్య లెక్క తేలని గంటా యాభై నిమిషాలు చెప్పాను. "పెల్ ఈ ఓడే ఎక్కలేదు సార్. కారిగ్‌లోనే ఏదో అయింది. ఆయన టోపీ, కోటు వేసుకుని కారు నడిపింది ఒక పొట్టి మనిషి, స్కార్వేలో పుట్టి పెరిగిన మనిషి. మెసేజ్ పెట్టిందీ ఆ మనిషే. పైకొచ్చి కోటు తీసేసి, మనందరి మధ్యా కూచుని, నడిచి దిగిపోయింది. కారు ఎక్కుతున్నప్పుడు మర్డో డెక్ మీద మీ కారుకి చెయ్యి ఊపుతున్నాడు. ఓడలో లేని మనిషిని ఓడలో చంపలేడు."

రాట్రే రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ కాసేపు నాకు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. ఆరేళ్ళ మంట మీద చల్లటి నీళ్ళు పోసినట్టుంది.

"నాదే తప్పు," అన్నాడు. కెప్టెన్ వింటుండగా, గట్టిగానే అన్నాడు. "ఇది నాకు వందేళ్ళు ఇక్కడున్నా తట్టేది కాదు. పద, నువ్వే అతనికి చెప్పు."

నేనే చెప్పాను. భోజనాల గదిలో మర్డో ఎదురుగా నిలబడి, వేలు సంగతి మొదలుపెట్టి, సీటు సంగతితో ముగించాను. నవ్వుతూనే చెప్పాను. "ఇంక ఇంటికి పోవచ్చు బావా. నడిపింది పెల్ కాదని రుజువైపోయింది."

మర్డో మొహం పాలిపోయింది. బల్ల మీద చేతులు ముడుచుకున్నాయి.

"నేనే చంపాను," అన్నాడు.

నాతో వచ్చిన రాట్రే, కెప్టెన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏంటి?" అన్నాను.

"పెల్‌ని నేనే చంపాను. పొద్దున్న. రాసుకోండి."

"ఎన్నింటికి?" రాట్రే నెమ్మదిగా అడిగాడు.

"ఎనిమిదింటికి."

"ఎనిమిదింటికి నువ్వు నా పక్కన నిలబడి నూనె పీపాలు ఎక్కిస్తున్నావు మర్డో," అన్నాడు కెప్టెన్. "ఆరు నుంచి ఓడ దిగనే లేదు."

మర్డో కెప్టెన్ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. కృతజ్ఞత కోసం వెతికాను ఆ చూపులో. అది లేదు, కోపం కూడా లేదు. ప్రాధేయపడుతున్నాడు.

"నీ నోరు మూసుకుని ఉండలేకపోయావా ఇష్‌బెల్?" అన్నాడు. "ఆయన్ని గెలవకపోతే నీకు అన్నం అరగదా?"

నాకేమీ అర్థం కాలేదు. లేదా అర్థం చేసుకోవడానికి మనసు ఒప్పుకోలేదు. ఈ మొండిమనిషికి నచ్చచెప్పగలిగేది అక్క ఒక్కతే అనుకున్నాను. ఒట్టు సంగతి పక్కన పెట్టి, బయటికొచ్చి, మెట్ల దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. అక్కని రేవుకి పంపమని చెప్పాలి. రాట్రే నా వెనకే వచ్చి రెండడుగుల దూరంలో ఆగాడు.

"అమ్మా, అక్కని పిలు."

"పిలవడమేంటే, అది ఇప్పుడేగా వచ్చింది! మీ ఓడలోనే వచ్చిందిగా, నీకు కనపళ్ళేదా?" అంది అమ్మ. "నిన్న పంటి డాక్టరు దగ్గరికని కారిగ్ వెళ్ళింది. రాత్రి అక్కడే ఉండిపోయింది. వచ్చినప్పటి నుంచీ ఒకటే వణుకు. చెయ్యి కోసుకుంది, గుడ్డ కట్టుకుంది, చూడనివ్వదు. ఏదో మైనం పూసిన మగవాళ్ళ కోటు పొయ్యిలో పెట్టింది, ఇల్లంతా మైనం కంపు. ఏమైందే అంటే ఒక్కటే మాట. 'వాడు పెళ్ళాన్ని వెంటబెట్టుకొచ్చాడమ్మా, దాన్ని వెంటబెట్టుకొచ్చాడు' అని. ఎవరే? ఎవరి గురించే?"

పొద్దున్న కారిగ్ రేవులో, వరుసలో, నేను దాదాపు గంటసేపు కూచున్నాను. అయిదు కార్ల ముందు, ఆకుపచ్చ కారు వెనక అద్దంలో ఒక టోపీ కనపడుతూనే ఉంది. ఒక్కసారైనా దిగి నాలుగడుగులు వేసి ఉంటే చూసేదాన్ని. నేనేమో మొదటి వరుసలో ఉన్న రాట్రే కొత్త కారు రంగు చూసి ఏడుస్తూ కూచున్నాను.

మర్డోకి కూడా డెక్ మీద ఆ వేలు కనపడింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి వేలు అతనికి తెలీదా? ఆ ఇరవై రెండు నిమిషాలూ తడిగుడ్డ పట్టుకుని సీట్లు తుడిచాడు, ఫోను తీసి తన జేబులో పెట్టుకున్నాడు. పెల్ అని ఒకే మాట పట్టుకుని కూచున్నాడు. తను జైలుకి పోతే చాలు, అంతా అక్కడితో ఆగిపోయేది. నేను ఆగనివ్వలేదు.

"ఎవరు ఇష్‌బెల్?" అన్నాడు రాట్రే. గొంతులో వెటకారం లేదు. అమ్మ గొంతు ఫోన్లోంచి బయటికి వినపడుతూనే ఉంది. ఎంతవరకు విన్నాడో తెలీదు. చెయ్యి చాచాడు.

ఆరేళ్ళుగా ఈ మనిషి మాట ఒక్కసారి తప్పు కావాలని కోరుకున్నాను. ఇవాళ అయింది. ఆయన మాటే నిజమైతే బాగుండునని, మర్డోనే ఆ పని చేసి ఉంటే బాగుండునని, దేవుడా, అప్పుడు కోరుకున్నాను.

"మా అక్క, సార్," అన్నాను, ఫోను ఆయన చేతిలో పెట్టాను.